డాఖావ్ స్మారకం: పదేళ్ల పాపతో, ఒక్క పూటలో కుదురుతుందా?

కృష్ణలంక_కుర్రాడు
జూన్‌లో అన్నయ్యవాళ్లు మ్యూనిక్ వస్తున్నారు. అన్నావదినలు, పదేళ్ల పాప, అమ్మానాన్న. పొద్దున్నే డాఖావ్‌లో నాజీల కాన్సెంట్రేషన్ క్యాంపు (ఖైదీల నిర్బంధ శిబిరం) స్మారకం చూసి, భోజనం వేళకి మ్యూనిక్ నడిబొడ్డున ఉన్న మరియన్‌ప్లాట్జ్ కూడలికి చేరాలని ప్లాన్. పాపని తీసుకెళ్లడం సబబేనా? పెద్దవాళ్లు నడవగలరా?

ఇసార్_గట్టు
పాపని వద్దండి. 13 ఏళ్లలోపు పిల్లలకి గైడెడ్ టూర్‌ని స్మారకం వాళ్లే సిఫారసు చెయ్యరు. 22 నిమిషాల డాక్యుమెంటరీలో శవాల గుట్టలు చూపిస్తారు. ప్రదర్శనలో వైద్య ప్రయోగాల విభాగం మరీ ఘోరం. గాలి ఒత్తిడి తగ్గించిన గదిలో ఖైదీ స్పృహ తప్పడం వరుస ఫొటోల్లో కనిపిస్తుంది. పదేళ్ల పిల్లకి ఇంగ్లీషు చదవడం వచ్చు కదా, మీరు చెయ్యి అడ్డం పెట్టేలోపే కింద రాసింది చదివేస్తుంది. ఇక్కడి స్కూళ్లవాళ్లు కూడా మామూలుగా తొమ్మిదో తరగతి పిల్లల్నే తీసుకెళ్తారు.

బేగంపేట_బాబాయ్
అంత భయపెట్టకు తమ్మీ. మీరు చెప్పినవన్నీ మ్యూజియం భవనంలో ఉన్నవే. బయటి ఆవరణ వేరు. ఖైదీల్ని నిలబెట్టి లెక్కపెట్టిన హాజరు మైదానం, పోప్లర్ చెట్ల దారి, పునర్నిర్మించిన బారకు (ఖైదీలు పడుకున్న కొట్టం), ఇవి పదేళ్ల పిల్లకి చెప్పొచ్చు. ఆ బారకులో మూడు కాలాల పడకలు పక్కపక్కనే పెట్టారు. 1933లో మనిషికో మంచం ఉన్నట్టుంటుంది. చివరికొచ్చేసరికి మధ్యలో అడ్డుపలక కూడా లేని చెక్కబల్లలు. ఆరు వేల మందికని కట్టిన క్యాంపులో 1945 ఏప్రిల్ 29న అమెరికన్ సైన్యం వచ్చేనాటికి 30 వేలకు పైగా ఉన్నారు. ఆ లెక్క పడకలు చూస్తే పిల్లలకే అర్థమైతది. పెద్దవాళ్లు వంతులేసుకొని మ్యూజియం చూడండి, ఒకరు పాపతో బయట ఉండండి.

ఇసార్_గట్టు
బయట అంటే ఎక్కడండీ? హాజరు మైదానంలో నీడ లేదు, కూర్చునే చోట్లు తక్కువ. లోపల తిండి తినకూడదు. కేఫ్ ఉన్నది గేటు బయట సందర్శకుల కేంద్రంలో. పాప గంటన్నర అక్కడే కూర్చుంటే వచ్చి ఏం చూసినట్టు?

ఎస్2_ప్రయాణికుడు
వయసు సంగతి తర్వాత, ముందు మీ టైమే సరిపోదు. హౌప్ట్‌బానోఫ్‌లో (మ్యూనిక్ ప్రధాన రైల్వే స్టేషన్) ఎస్2 లోకల్ రైలెక్కితే డాఖావ్‌కి 20–25 నిమిషాలు. అక్కణ్ణుంచి 726 బస్సు. ఇంగ్లీషు టూర్ రెండున్నర గంటలు. అది కాక మ్యూజియానికి కనీసం గంటన్నర. తొమ్మిదింటికి గేటు తీస్తారు. అన్నీ కలిస్తే భోజనానికి మరియన్‌ప్లాట్జ్ అందదు. హడావుడిగా గేటు దగ్గర ఫొటో, శ్మశానవాటిక దగ్గర ఫొటో తీసుకొని వచ్చేవాళ్లే ఎక్కువ. అందుకైతే వెళ్లకపోవడమే మర్యాద.

మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది టికెట్ దగ్గర. మ్యూనిక్ నగరం వరకే పనికొచ్చే ఎం జోన్ టికెట్ ఒక్కటే చాలదు, డాఖావ్ దాకా ఎం–1 కావాలి. ఐదుగురు పెద్దల దాకా గ్రూప్ డే టికెట్ ఒకటి చాలు. అందులో 6–14 ఏళ్ల పిల్లలిద్దర్ని ఒక పెద్దగా లెక్కేస్తారు, కాబట్టి మీరు కూడా వెళ్తే అన్నయ్యవాళ్లతో కలిసి అయిదున్నర అవుతుంది, ఒకరికి విడిగా తీసుకోవాలి. మిషన్‌లో తీసిన కాగితం టికెట్‌కి స్టాంపు పడలేదంటే ప్లాట్‌ఫాంకి ముందే వేయించాలి. మరిచిపోతే 60 యూరోల జరిమానా. శని, ఆదివారాల్లో నగరం మధ్య లైన్ మీద మరమ్మతులుండొచ్చు, ముందు రాత్రి యాప్ చూసుకోండి.

అమ్మానాన్నలకి: నేలంతా కంకర. మైదానం నుంచి చెట్ల దారి చివరి దాకా వెళ్లి, వాగు దాటి బారక్ ఎక్స్ (శవాల్ని కాల్చిన శ్మశానవాటిక భవనం) చూసి తిరిగొస్తే కాళ్లు పీకుతాయి. చక్రాల కుర్చీ ఒక్కరే తోయలేరు.

కృష్ణలంక_కుర్రాడు
బారక్ ఎక్స్ అంటే గ్యాస్ చాంబర్ ఉన్నదేనా? లక్షల మంది అక్కడ చనిపోయారని విన్నాను.

చరిత్ర_పిచ్చోడు
అది పోలాండ్‌లోని ఆష్విట్జ్ క్యాంపుతో కలిపేసుకోవడం. ఇక్కడ మొత్తం ఖైదీలు రెండు లక్షల పైన, మరణాలు 41,500 దాకా. ఆకలి, టైఫస్, వెట్టిచాకిరీ, కాల్పులు కారణాలు. బారక్ ఎక్స్‌లో గ్యాస్ చాంబర్ కట్టారు, కానీ సామూహిక హత్యలకి వాడలేదు. బలహీనపడ్డ 2,500 మందికి పైగా ఖైదీల్ని ఆస్ట్రియాలో లింజ్ దగ్గరున్న హార్ట్‌హైమ్‌కి తరలించి విషవాయువుతో చంపారు. సోవియట్ యుద్ధఖైదీలు నాలుగు వేల మందికి పైగా హెబెర్ట్స్‌హౌసెన్ కాల్పుల మైదానంలో బలయ్యారు. అదీ దగ్గరే, కానీ టూర్లు అటు వెళ్లవు.

ఆ శ్మశానవాటిక దగ్గర నూర్ ఇనాయత్ ఖాన్ పేరుతో ఫలకం ఉంది. బ్రిటిష్ గూఢచారిణిగా ఫ్రాన్స్‌లో పనిచేసి పట్టుబడింది. 1944 సెప్టెంబర్ 13న మరో ముగ్గురు మహిళలతో కలిపి తుపాకీతో కాల్చి చంపారు. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్‌కి సూఫీ దీక్ష ఇచ్చిన గురువు మన హైదరాబాద్‌లోనే ఉండేవాడు. పాపకి ఏదైనా చెప్పాలంటే ముందు నూర్ కథ ఇంట్లో చెప్పండి. విని అడిగిన ప్రశ్నల్ని బట్టి తీసుకెళ్లాలో వద్దో తేల్చుకోవచ్చు.

ఇసార్_గట్టు
ఇంట్లో కథ చెప్పడం వరకు ఒప్పుకుంటా. తీసుకెళ్లడానికి ఇంకో నాలుగేళ్లు ఆగినా ఆ ఫలకం అక్కడే ఉంటుంది.

బేగంపేట_బాబాయ్
ఫలకం ఉంటది సరే, ఇండియా నుంచి వచ్చే కుటుంబానికి మళ్లీ వీసా, టికెట్లు ఎవరిస్తరు? నేనైతే బయటి ఆవరణ, బారకు చూపించి మ్యూజియం తలుపు దగ్గర ఆగమంటా.

ఎస్2_ప్రయాణికుడు
అలా అయితే పదకొండు దాటాక వెళ్లకండి, స్కూలు బస్సులన్నీ దిగాక బారకులో నిలబడే చోటుండదు. మరియన్‌ప్లాట్జ్ మర్నాటికి పెట్టుకోండి.