ఏ.అవుట్ ఫైల్ రన్ అవట్లేదు, "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" వస్తోంది

పాతసీడీ:
1994 నాటి లైనక్స్ సీడీలోంచి తీసిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంది. సోర్స్ లేదు, బైనరీ మాత్రమే. 64 బిట్ ఉబుంటులో రన్ చేస్తే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అంటోంది. ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చాను, 32 బిట్ లైబ్రరీలన్నీ వేశాను, అయినా అదే పాట. ఫైల్ కమాండ్ "లైనక్స్/ఐ386 డిమాండ్-పేజ్డ్ ఎగ్జిక్యూటబుల్ (క్యూమ్యాజిక్)" అని చెబుతోంది. వెతికితే ఇది ఏ.అవుట్ ఫార్మాట్ అంటున్నారు. మరి జీసీసీ కంపైలర్ ఇచ్చే ఏ.అవుట్ రోజూ బాగానే నడుస్తోంది కదా? తేడా ఎక్కడ? దీన్ని నడిపే దారి ఉందా? ఫైల్ సైజు 36,864 బైట్లు. మొదటి 32 బైట్లు, నాలుగేసి బైట్ల చొప్పున:

006400సీసీ 00008000 00001000 00000ఏ30
00000000 00001020 00000000 00000000

లింకర్ లింగం:
ఏ.అవుట్ అనేది రెండు వేర్వేరు వాటికి పేరు, చిక్కంతా అక్కడే. మీ జీసీసీ ఇచ్చే ఫైల్ పేరు మాత్రమే ఏ.అవుట్, లోపలున్నది ఈఎల్ఎఫ్, అంటే ఇప్పటి లైనక్స్ ప్రోగ్రామ్‌ల ఫార్మాట్. మొదటి నాలుగు బైట్లు చూడండి, 7ఎఫ్ 45 4సీ 46 ఉంటాయి. ఏ.అవుట్ అన్న పేరు పీడీపీ-7 అనే పాత కంప్యూటర్ మీద యూనిక్స్ పుట్టిన రోజులది, "అసెంబ్లర్ అవుట్‌పుట్" అని అర్థం. అప్పట్లో లింకరే లేదు, అసెంబ్లర్ కక్కిందే నేరుగా నడిచే ప్రోగ్రామ్. తర్వాత లింకర్ వచ్చింది, ఫార్మాట్లు మారాయి, -ఓ ఇవ్వకపోతే పెట్టే పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మీ సీడీలోది అసలు సిసలు ఏ.అవుట్ ఫార్మాట్. హెడర్ (ఫైల్ మొదట్లోని వివరాలు) ఎనిమిది సంఖ్యలే, ఒక్కోటి నాలుగు బైట్లు, మీరిచ్చినవన్నీ హెక్స్‌లో ఉన్నాయి:

మొదటి సంఖ్య 006400సీసీ. ఇందులో 64 అంటే దశాంశంలో 100, అది ఐ386 మెషీన్ కోడ్. సీసీ అంటే ఆక్టల్‌లో 0314, అదే క్యూమ్యాజిక్, ఏ రకం ఏ.అవుటో చెప్పే మ్యాజిక్ నంబర్. తర్వాత వరసగా టెక్స్ట్ (కోడ్) 32,768 బైట్లు, డేటా 4,096, బీఎస్ఎస్ (మొదట సున్నాలుండే డేటా, ఫైల్‌లో చోటు తీసుకోదు) 2,608. ఐదోది సింబల్ టేబుల్ సైజు, సున్నా. అంటే ఫంక్షన్ల పేర్లు తీసేశారు (స్ట్రిప్), వాటిని చూపే ఎన్ఎమ్ కమాండ్ కొట్టి లాభం లేదు. ఆరోది ఎంట్రీ అడ్రస్ 1020, హెక్స్‌లో. చివరి రెండూ రిలొకేషన్ (లింకర్ సరిచేయాల్సిన అడ్రస్‌ల జాబితా) సైజులు, ఎగ్జిక్యూటబుల్ కాబట్టి సున్నాలే.

ఎంట్రీ 1020 ఎందుకంటే, క్యూమ్యాజిక్‌లో హెడర్ కూడా టెక్స్ట్‌లో భాగమే. ఫైల్ మొత్తం 4096వ అడ్రస్ (హెక్స్‌లో 1000) నుంచి మ్యాప్ అవుతుంది, 32 బైట్ల (హెక్స్‌లో 20) హెడర్ దాటగానే కోడ్ మొదలు. టెక్స్ట్, డేటా కలిపితే 32,768 + 4,096 = 36,864. మీ ఫైల్ సైజు సరిగ్గా అంతే, కాబట్టి కాపీలో ఏమీ తెగిపోలేదు.

రిలొకేషన్ రాణి:
ఎర్రర్ సంగతి. కెర్నెల్ తన దగ్గరున్న ఫార్మాట్ హ్యాండ్లర్లను ఒక్కొక్కటిగా అడుగుతుంది. ఎవరూ నాది అనకపోతే వచ్చేదే ఈ ఎర్రర్. లైబ్రరీల దాకా వ్యవహారం వెళ్లనే లేదు, అందుకే 32 బిట్ ప్యాకేజీలు ఎన్ని వేసినా ఉపయోగం ఉండదు. 32 బిట్ లోడర్ లేని ఈఎల్ఎఫ్ అయితే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వచ్చేది. ఈ రెండు మెసేజ్‌లను కలిపేసి గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

లైనక్స్‌లో ఏ.అవుట్ సపోర్ట్‌ను 2019లో 5.1 కెర్నెల్ దగ్గర వద్దనుకున్నారు, 2022లో ఎక్స్86 నుంచి పీకేశారు. పాత కెర్నెల్ ఉన్నా ఇంకో అడ్డం ఉంది. ఉబుంటులో ఎమ్‌మ్యాప్_మిన్_యాడర్ విలువ 65536. మామూలు యూజర్ ప్రాసెస్ అంతకంటే కింద మ్యాప్ చేయలేదు, మీ ఫైల్‌కేమో 4096 కావాలి. ఆ విలువ తగ్గిస్తే కెర్నెల్‌లోని నల్ పాయింటర్ బగ్గులకు దారి తెరిచినట్టే. రోజూ వాడే మెషీన్‌లో ఆ పని చేయకండి.

క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్‌లోని యూజర్ మోడ్ కూడా ట్రై చేయకండి. అది ఈఎల్ఎఫ్‌ను, ఫ్లాట్ బైనరీని తప్ప చదవదు.

ముందు స్ట్రింగ్స్ కమాండ్ కొట్టి, "ఎల్‌డీ.ఎస్ఓ" గానీ "డీఎల్ఎల్ జంప్" గానీ కనిపిస్తుందేమో చూడండి. దాన్నిబట్టి దారి మారుతుంది.

పాతసీడీ:
రెండూ ఉన్నాయండి. "డీఎల్ఎల్ జంప్ 4.5పీఎల్26" అని ఉంది. దీని అర్థం?

రిలొకేషన్ రాణి:
డైనమిక్ అన్నమాట, అంటే నడిచేటప్పుడు బయటి షేర్డ్ లైబ్రరీని కలుపుకుంటుంది. సీ లైబ్రరీ లిబ్‌సీ.ఎస్ఓ.4 కావాలి. ఏ.అవుట్ కాలంలో ప్రతి షేర్డ్ లైబ్రరీకీ ఒక స్థిరమైన అడ్రస్ కేటాయించేవారు. రెండు లైబ్రరీలు ఒకే చోటికి పోటీ పడకుండా ఆ కేటాయింపులకు ఒక జాబితా ఉండేది. ప్రోగ్రామ్‌లో ఫంక్షన్ కాల్ నేరుగా లైబ్రరీ మొదట్లోని జంప్ టేబుల్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి అసలు ఫంక్షన్‌కు. టేబుల్ వరస మారకుండా ఉన్నంతవరకు లైబ్రరీ కొత్త వెర్షన్ వేసినా పాత ప్రోగ్రామ్ నడిచేది. కానీ అలాంటి లైబ్రరీ తయారు చేయడం నరకం. లైనక్స్ ఈఎల్ఎఫ్‌కు మారడానికి పెద్ద కారణం ఇదే.

లైబ్రరీ కోడ్ అంతా లోపలే ఉండే స్టాటిక్ బైనరీ అయ్యుంటే సులువు. లైనక్స్ కెర్నెల్ డెవలపర్ కీస్ కుక్ 2022లో రాసిన యూజర్‌స్పేస్ ఏ.అవుట్ లోడర్ ఉంది, అది మామూలు 32 బిట్ ఈఎల్ఎఫ్ ప్రోగ్రామే. పైన చెప్పిన ఎమ్‌మ్యాప్ పరిమితి దానికీ వర్తిస్తుంది, కాబట్టి వర్చువల్ మెషీన్ (వీఎమ్)లోనే పెట్టుకోవాలి. మీది డైనమిక్ గనుక షేర్డ్ లైబ్రరీని లోడ్ చేసే యూజ్‌లిబ్ సిస్టమ్ కాల్ కూడా కావాలి, ఇప్పటి కెర్నెళ్లలో అది మామూలుగా దొరకదు. వర్చువల్ మెషీన్‌లో ఆనాటి సిస్టమ్‌నే పెట్టేయండి, తలనొప్పి వదులుతుంది.

ఆక్టల్ ఆచారి:
దారిన పోతూ ఒక మాట. ఈ మ్యాజిక్ నంబర్లు ఊరికే పెట్టినవి కావు. పీడీపీ-11లో ఆక్టల్ 0400 అంటే బ్రాంచ్ ఇన్‌స్ట్రక్షన్, కింది బైట్‌లో ఎన్ని వర్డ్‌లు దూకాలో ఉంటుంది. 0407 అంటే 7 వర్డ్‌లు. ఇన్‌స్ట్రక్షన్ చదివేసరికి ప్రోగ్రామ్ కౌంటర్ 2 మీద ఉంటుంది, దానికి 14 బైట్లు కలిపితే 16. హెడర్ సైజు సరిగ్గా 16 బైట్లు. ఫైల్‌ను ఉన్నదున్నట్టు మెమరీలో పడేసి మొదటి బైట్ నుంచి నడిపినా, హెడర్ దాటి కోడ్‌లో పడుతుంది. మొదటి ఎడిషన్ యూనిక్స్‌లో హెడర్ 12 బైట్లే, అందుకే అక్కడ మ్యాజిక్ 0405.

ఇంకో తమాషా: డిమాండ్ పేజింగ్‌కు పెట్టిన 0413ను హెక్స్‌లో రాస్తే 10బీ. విండోస్ 32 బిట్ ఈఎక్స్ఈల ఆప్షనల్ హెడర్ తెరిచి చూడండి, ఈ 10బీనే ఉంటుంది. ఏ.అవుట్ హెడర్ కాఫ్ అనే తర్వాతి ఫార్మాట్‌లోకి చేరింది, కాఫ్ నుంచి విండోస్ ఈఎక్స్ఈల ఫార్మాట్ అయిన పీఈకి వెళ్లింది.

ల్యాబ్‌మేట్:
మధ్యలో దూరుతున్నా, సారీ. మా కాలేజీ ల్యాబ్‌లో కోడ్ మార్చి కంపైల్ చేసి ఏ.అవుట్ రన్ చేస్తే ఒక్కోసారి పాత అవుట్‌పుటే వస్తోంది. ఇదీ ఫార్మాట్ సమస్యేనా?

లింకర్ లింగం:
కాదు తమ్ముడూ. కంపైల్ ఎర్రర్ వచ్చిందంటే లింకర్ దాకా వెళ్లనే వెళ్లదు, ఇందాకటి ఏ.అవుట్ అక్కడే పడి ఉంటుంది. ఎర్రర్ మెసేజ్ పైకి స్క్రోల్ అయిపోతే నువ్వు నడిపేది పాతదే. రెండు కమాండ్ల మధ్య సెమీకోలన్ పెట్టకు, && పెట్టు. కంపైల్ ఫెయిలైతే రెండోది నడవదు. -ఓతో పేరు ఇవ్వడం ఇంకా మంచిది, కానీ "టెస్ట్" అని పెట్టకు. ముందు ./ పెట్టడం మర్చిపోతే షెల్ తన సొంత టెస్ట్ కమాండ్‌ను నడిపేసి నోరు మూసుకుని కూర్చుంటుంది.

పాతసీడీ:
రాణి గారూ, క్యూఈఎమ్‌యూ వీఎమ్ పెడుతున్నా. ఏ డిస్ట్రో? ఫైల్ లోపలికి ఎలా పంపాలి?

రిలొకేషన్ రాణి:
స్లాక్‌వేర్ అయితే 3.0 కంటే ముందుది తీసుకోండి. 1995లో వచ్చిన ఆ 3.0 నుంచి అది ఈఎల్ఎఫ్. మెమరీ 32 ఎంబీ చాలు. డిస్క్ ఇమేజ్ 500 ఎంబీ లోపే ఉంచండి. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు అంటే 504 ఎంబీ. అది దాటితే పాత బూట్ లోడర్, పాత ఎఫ్‌డిస్క్ రెండూ పేచీ పెడతాయి. నెట్‌వర్క్ కావాలంటే ఎన్ఈ2000 కార్డ్ ఎంచుకోండి.

ఒక్క 36 కేబీ ఫైల్ కోసం నెట్‌వర్క్ ఎందుకు గానీ, ఫ్లాపీ ఇమేజ్ వాడండి. ఇక్కడ టార్ చేసి, ఆ టార్ ఫైల్‌నే ట్రంకేట్ కమాండ్‌తో సరిగ్గా 1,474,560 బైట్లకు పెంచండి. ఫైల్‌సిస్టమ్ ఏమీ అక్కర్లేదు. దాన్ని ఫ్లాపీగా తగిలించి, వీఎమ్ లోపల మౌంట్ చేయకుండా ఎఫ్‌డీ0 డివైస్ నుంచే నేరుగా టార్‌తో విప్పండి. సైజు ఒక్క బైట్ అటూ ఇటూ అయినా క్యూఈఎమ్‌యూ దాన్ని 1.44 ఫ్లాపీగా గుర్తించకపోవచ్చు. విప్పాక ఎల్‌డీడీ కొట్టండి, లిబ్‌సీ కాక ఇంకే లైబ్రరీ అడుగుతోందో అదే చెబుతుంది.