పార్ట్-ఐఎస్‌కి ఐఎస్ఓ 27001 సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుందా?

శంషాబాద్_క్వాలిటీ:

నమస్కారమండీ. శంషాబాద్‌లో ఒక విమానాల మరమ్మతు సంస్థలో పదకొండేళ్లుగా క్వాలిటీ చూస్తున్నాను. డీజీసీఏ అనుమతితో పాటు యూరప్ విమాన భద్రతా సంస్థ ఈయాసా ఇచ్చే మరమ్మతు అనుమతి, పార్ట్-145 కూడా ఉంది కాబట్టి సమాచార భద్రత మీద యూరప్ వాళ్ల 2023/203 నిబంధన, అదే పార్ట్-ఐఎస్, 2026 ఫిబ్రవరి 22 నుంచి మా నెత్తిన పడింది. ఐటీ వాళ్లేమో "సమాచార భద్రతకి ఐఎస్ఓ 27001 సర్టిఫికెట్ ఉందిగా, అదే చూపిద్దాం" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

పోయిన నెల ఒకరోజు రాత్రి షిఫ్ట్‌లో హ్యాంగర్‌కి వెళ్లాను. విమానానికి దారి చూపే నావిగేషన్ డేటాబేస్ 28 రోజులకోసారి మారుతుంది కదా, ఆ ఫైలు ఎక్కించడానికి మా కుర్రాడు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. బండి తాళాలతో పాటే వేలాడుతోంది. మూత ఊడిపోతే నీలం ఇన్సులేషన్ టేపు చుట్టాడు. "ఎవరిది బాబూ ఇది?" అన్నాను. "నాదే సార్, స్టోర్స్‌లో ఇచ్చింది చదవట్లేదు" అన్నాడు. తెల్లారేసరికి విమానం వదలాలి, పాపం వాడేం చేస్తాడు? కానీ మా ఐఎస్ఓ ఫైళ్లన్నీ తిరగేశాను. ఆ పెన్‌డ్రైవ్ ఊసే లేదు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టమంటారు?

హాంబర్గ్_కామో:

మీ అనుమానం నిజమేనండీ. ఐఎస్ఓ కంపెనీ సమాచారానికి ముప్పేమిటని అడుగుతుంది. పార్ట్-ఐఎస్ అడిగేది వేరు: ఈ సమాచారాన్ని ఎవరైనా మార్చితే, లేదా సమయానికి అందకుండా చేస్తే, విమాన భద్రతకు ఏమవుతుంది? రికార్డులు, అంతర్గత ఆడిట్ లాంటివి ఐఎస్ఓ నుంచి వాడుకోవచ్చు. ముప్పు అంచనా మాత్రం మళ్లీ మొదటినుంచీ చేయాల్సిందే.

మేము ఒక్క ఫైలు పట్టుకుని దాని వెంట నడిచాం. ఎవరి లాగిన్‌తో దిగింది, ఏ ల్యాప్‌టాప్‌లోకి వెళ్లింది, దేంతో విమానం దాకా వచ్చింది, లోడ్ అయ్యాక తెర మీది పార్ట్ నంబరును టాస్క్ కార్డుతో (చేయాల్సిన పని రాసిచ్చే కాగితం) ఎవరు పోల్చారు, ఎవరు స్టాంపు వేశారు. మూడో రోజు మెయింటెనెన్స్ ల్యాప్‌టాప్ మూత లోపల స్టిక్కర్ మీద పాస్‌వర్డ్ రాసి కనిపించింది. ఆఫీసులో కూర్చుని ఉంటే మాకు జన్మలో తెలిసేది కాదు.

ఐటీని బయటివాళ్లకు అప్పగించినా జవాబుదారీ మీ అకౌంటబుల్ మేనేజరే, అంటే అనుమతికి సంస్థ తరఫున బాధ్యత వహించే పెద్దాయనే. 2025 సెప్టెంబర్‌లో కాలిన్స్ ఏరోస్పేస్ చెక్-ఇన్ సాఫ్ట్‌వేర్ మీద రాన్సమ్‌వేర్ (సిస్టమ్‌కి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడితే హీత్రూ, బ్రస్సెల్స్, బెర్లిన్ విమానాశ్రయాలు ఇబ్బంది పడ్డాయి. సాఫ్ట్‌వేర్ ఒకరిది, క్యూలో నిలబడ్డ జనం ఇంకొకరి దగ్గర. మీ కాంట్రాక్టుల్లో వాళ్లను ఆడిట్ చేసే హక్కు ఉందో లేదో ఇవాళే చూడండి.

ఏవియానిక్స్_బీ2:

సార్, కుర్రాడి మీద ఫైండింగ్ (ఆడిట్‌లో తప్పు) రాయకండి, దయచేసి. ఒక్కణ్ని మందలిస్తే రేపు మిగతావాళ్లు దాచిపెడతారు. ఏదైనా తేడా కనిపిస్తే లోపల చెప్పుకునే దారి ఉండాలని పార్ట్-ఐఎస్సే అంటోంది. భయపడేవాడు చెప్పడు.

మా బేస్‌లో పెన్‌డ్రైవ్‌ని టూల్ కింద లెక్కేశాం. నాలుగు కొన్నాం, నంబర్లు చెక్కించాం, టార్క్ రెంచ్ పక్కనే టూల్ క్రిబ్‌లో, అంటే పనిముట్లు లెక్కతో ఇచ్చే గదిలో పెట్టాం. సంతకం పెట్టి తీసుకోవాలి, షిఫ్ట్ అయ్యేలోపు తిరిగివ్వాలి. ఒక్కటి తక్కువైనా, రెంచ్ పోయినట్టే, దొరికేదాకా విమానం వదలం. పైగా స్టోర్స్‌లో స్పేర్ ఎప్పుడూ ఉంటుంది. సొంత పెన్‌డ్రైవ్ తెచ్చే అవసరం ఎవరికీ రాలేదు.

హాంబర్గ్_కామో:

ఈ టూల్ క్రిబ్ పద్ధతి మేమూ పెడతాం, థాంక్సండీ. ఇంకొకటి మర్చిపోయాను. ఘటన జరిగితే ఈయాసాకి తెలిసిన వెంటనే కబురు పెట్టాలి, రిపోర్టు 72 గంటల్లోపు ఇవ్వాలి. మీకు అక్కడ భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాలూ ఉన్నాయి. తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. అర్ధరాత్రి ఫోన్ ఎవరు ఎత్తాలో పేరుతో సహా రాసిపెట్టుకోండి.

శంషాబాద్_క్వాలిటీ:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. రాత్రి ఫోన్ ఎవరిదో మాకు ఇప్పటిదాకా రాసి లేదు, ముందు అది రాస్తున్నా. పొద్దున్నే స్టోర్స్‌కి నాలుగు పెన్‌డ్రైవ్‌ల ఇండెంట్ పెడతాను. ఫైలు వెంట నడిచేటప్పుడు ఆ కుర్రాణ్నే తోడు రమ్మన్నాను. అది ఏ దారిన వస్తుందో నాకంటే వాడికే బాగా తెలుసు.