తాతల ఆకలి మనవల ఒంట్లోకి దిగుతుందా? లామార్క్ మాట నిజమేనా?

మట్టివేరు:
జీవి బతికుండగా తెచ్చుకున్న మార్పు పిల్లలకు రాదని బళ్లో చదువుకున్నాం. ఆకుల కోసం చాచి చాచి జిరాఫీ మెడ పొడుగైందన్న లామార్క్ తప్పు, డార్విన్ ఒప్పు అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాఠం మార్చాలని నా వాదన. 1944-45 చలికాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న పశ్చిమ నెదర్లాండ్స్‌లో జనానికి రోజుకు వెయ్యి క్యాలరీల తిండి కూడా దొరకలేదు. ఆ కరువు నెలల్లో కడుపున పడ్డవాళ్లని అరవై ఏళ్ల తర్వాత వాళ్ల తోబుట్టువులతో పోల్చి చూశారు. ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు (జన్యువు ఎంత పనిచేయాలో మార్చే చిన్న రసాయన ముద్రలు) వీళ్లకి తక్కువగా ఉన్నాయి. జన్యువులో డీఎన్‌ఏ అక్షరాలు అవే, వాటి మీద గుర్తులే మారాయి. తల్లి ఏం తిన్నదో, ఎంత ఏడ్చిందో అంతా బిడ్డ జన్యువుల మీద రాసి ఉంటుంది. దీన్ని వారసత్వం అనకపోతే ఇంకేమంటాం?

గురివింద:
వారసత్వం అనకూడదు. ఆ బిడ్డ అప్పటికే కడుపులో ఉంది. ఆకలి తల్లికి తగిలినట్టే బిడ్డకీ తగిలింది. తల్లీబిడ్డా కలిసి ఎండలో నడిస్తే ఇద్దరి ఒళ్లూ కమిలిపోతాయి. అమ్మ కమిలిన ఒళ్లు బిడ్డకు వారసత్వంగా వచ్చిందని అనం కదా.

ఇంకో మెలిక కూడా ఉంది. కడుపులో ఉన్నది ఆడపిల్ల అయితే, ఆమె పుట్టకముందే ఆమెలో అండాలు ఏర్పడతాయి. గర్భిణి, లోపలి పాప, ఆ పాపలోని అండం, మూడు తరాలూ ఒకేసారి పస్తున్నట్టు లెక్క. కాబట్టి మనవల్లో తేడా కనిపించినా చాలదు, మునిమనవల్లో చూపించాలి. మనుషుల్లో అది ఇంతవరకూ గట్టిగా రుజువు కాలేదు. పైగా క్షీరదాల్లో ఈ గుర్తులు రెండుసార్లు దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి. బీజకణాలు, అంటే అండం, వీర్యకణం అయ్యే కణాలు, తయారయ్యేటప్పుడు ఒకసారి, ఫలదీకరణం తర్వాత ఇంకోసారి.

లెక్కలమాస్టారు:
జర్మన్ జీవశాస్త్రవేత్త వైస్‌మన్ ఎలుకల తోకలు కోసి ఈ సంగతి ఎప్పుడో తేల్చేశాడు. 22 తరాలు కోశాడు, ఒక్క ఎలుకా తోక లేకుండా పుట్టలేదు. ఇంకా చర్చ ఎందుకు?

మట్టివేరు:
మాస్టారూ, ఆయన మొదట ప్రకటించింది 5 తరాలు, 901 పిల్లలు. 22 అనేది తర్వాత పొడిగించిన లెక్క. అసలు ఆ ప్రయోగం లామార్క్‌కి జవాబే కాదు. వాడిన అవయవం బలపడుతుంది, వాడనిది క్షీణిస్తుంది అన్నాడు ఆయన. ఎలుక తనంతట తాను తోక వాడటం మానేయలేదే. ఎవరో కత్తిరించారు.

లెక్కలమాస్టారు:
22 తరాలే. పాఠ్యపుస్తకంలో చదివాను, నాకు బాగా గుర్తు.

నీలిపిట్ట:
తోకలు పక్కన పెట్టండి సార్. గురివింద గారు మునిమనవల సంగతి అడిగారు. దానికి జవాబు కావాలి.

మట్టివేరు:
జవాబుంది. టోడ్‌ఫ్లాక్స్ అని పసుపుపచ్చ పూల మొక్క. మామూలు పువ్వు రెండు పెదవులు తెరిచినట్టు ఉంటుంది, కింద ఒకటే తోక. నిలువుగా మడిస్తే కుడీ ఎడమా సరిపోతాయి. కానీ ఎటు తిప్పినా ఒకేలా, అయిదు తోకలతో పూసే రకం ఒకటుంది. 1744లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని వర్ణించి, గ్రీకులో వికృతం అనే అర్థం వచ్చేలా పెలోరియా అని పేరు పెట్టాడు. 1999లో ఎన్రికో కోయెన్ బృందం దాని గుట్టు తేల్చింది. ఎల్‌సైక్ అనే జన్యువు మిథైల్ గుర్తులతో మూతపడి ఉంది. ఆ గుర్తులు విత్తనం ద్వారా తర్వాతి తరాలకీ వెళ్తున్నాయి. ఒక్కోసారి అవి చెరిగి, అదే మొక్కకి మళ్లీ మామూలు పూలు పూస్తాయి. ఆ చెరగడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

గురివింద:
మొక్కల సంగతి వేరండీ. వాటిలో కొమ్మ చివర ఆకులేసే కణాల నుంచే తర్వాత పువ్వు, విత్తనం వస్తాయి. మనలో బీజకణాలు పిండదశలోనే విడిపోయి పక్కకు వెళ్లిపోతాయి. వైస్‌మన్ చెప్పిన అసలు సంగతి ఇదే, తోకలు కాదు. ఇంకోటి. లామార్క్ అన్నది అవసరానికి తగ్గ మార్పు. ఆ అయిదు తోకల పువ్వు ఏ అవసరం కోసం వచ్చింది?

సూక్ష్మదర్శిని:
లామార్క్‌కి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది బాక్టీరియాలోని క్రిస్పర్. దాడి చేసిన వైరస్ డీఎన్‌ఏ నుంచి చిన్న ముక్క తీసి బాక్టీరియా తన డీఎన్‌ఏలో దాచుకుంటుంది. మళ్లీ ఆ వైరస్ వస్తే గుర్తుపట్టి తునకలు చేస్తుంది. ఆ ముక్క సంతానానికీ వెళ్తుంది. 2007లో ప్రయోగంలో చూపించారు. బాక్టీరియా మీదే 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే శాస్త్రవేత్తలు ఇంకోటి చూపించారు: వైరస్‌ని తట్టుకునే ఉత్పరివర్తనాలు (డీఎన్‌ఏ అక్షరాల్లో మార్పులు) వైరస్ ఎదురుకాకముందే, దానితో పని లేకుండా వస్తాయి. రెండూ నిజమే.

మట్టివేరు:
చూశారా, బాక్టీరియాలో ఉంది, మొక్కల్లో ఉంది. మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గురివింద గారు తలుపు మూసేస్తున్నారు. ఎన్ని ఆధారాలు పెట్టినా ఇంకో తరం చూపించు అంటారు. ఇది సైన్స్ కాదు, మొండితనం. కొత్త విషయం ఒప్పుకోవడానికి మీకు భయం.

గురివింద:
భయం అన్నారు కాబట్టి చెబుతున్నా. మా బాబుకి మాటలు రాలేదు. నాలుగేళ్లు నిండినా ఆసరా లేకుండా నడవలేకపోయాడు. కడుపుతో ఉన్నప్పుడు ఉద్యోగానికి వెళ్లానని, సరిగ్గా తినలేదని, మా నాన్న పోయినప్పుడు ఏడ్చానని మా అత్తగారు అందరి ముందూ లెక్కపెట్టి చెప్పేవారు. మేం చూపించుకున్న డాక్టర్ కూడా మొదటి రోజే "ప్రెగ్నెన్సీలో టెన్షన్ పడ్డారా?" అని అడిగి అదే రాసుకున్నారు. ఆరేళ్లు ఆ మాట మోశాను. తర్వాత జన్యు పరీక్ష చేయిస్తే ఒక్క అక్షరం తేడా అని వచ్చింది. సి ఉండాల్సిన చోట టి. అది నాలో లేదు, మా ఆయనలో లేదు. బాబులో కొత్తగా వచ్చింది. మనలో ప్రతి ఒక్కరం అమ్మానాన్నల్లో లేని అలాంటి కొత్త మార్పులు దాదాపు 60, 70తో పుడతాం. ఎక్కువ భాగం ఏమీ చేయవు. కోట్ల ఏళ్లుగా జీవపరిణామానికి ముడిసరుకు ఇవే. అవి ఎవరి కన్నీళ్లనీ చూసి రావు. ఆ రిపోర్టు మడతలు చిరిగిపోతుంటే టేపు వేసి దాచుకున్నా. "తల్లి ఎంత ఏడ్చిందో అంతా రాసి ఉంటుంది" అని మీరు ఒక్క వాక్యంలో రాసేశారు. ఏ ప్రయోగం చెప్పింది మీకు?

నీలిపిట్ట:
అమ్మా, మీరు ఇంత మోశారని తెలీదు.

మట్టివేరు:
మీ బాధ తెలియక అలా అన్నాను, క్షమించండి. నా సంగతీ చెబుతా. మా నాన్న తాగి తాగి నలభై నాలుగేళ్లకే పోయారు. నేను చుక్క ముట్టలేదు. అయినా కోపం వచ్చి గొంతు పెంచితే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు "ఆ రక్తమే కదా" అంటారు. మొన్న మా వాడు గ్లాసు విసిరితే వాడినీ అదే అన్నారు. వాడికి ఏడేళ్లు. పుట్టుకతో వచ్చింది మారదు అనే మాట వింటే నాకు ఊపిరాడదు. జన్యువుల మీది గుర్తులు మారతాయి, చెరుగుతాయి అని చదివిన రోజు రాత్రంతా నిద్రపట్టలేదు.

సూక్ష్మదర్శిని:
కవలల అధ్యయనాల్లో తాగుడు వ్యసనానికి అనువంశికత దాదాపు సగం అని తేలింది. దాన్ని దాచలేం.

గురివింద:
దాచక్కర్లేదు, సరిగ్గా చదివితే చాలు. ఆ సగం అనేది ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య తేడాల గురించిన లెక్క. మట్టివేరు గారిలో సగం వాళ్ల నాన్న తాగుడు ఉందని కాదు. ఇంకా, అక్షరాలు మారవు అంటే మనిషి మారడు అని కాదండీ. ఫినైల్‌కీటోన్యూరియా అని, తిండిలోని ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని ఒళ్లు సరిగ్గా వాడుకోలేని జన్యు జబ్బు. దానితో పుట్టిన బిడ్డకి జన్యువు అలాగే ఉంటుంది. కానీ పుట్టిన వెంటనే కనిపెట్టి ఫినైల్‌అలనిన్ తగ్గించిన ఆహారం పెడితే మెదడు దెబ్బతినకుండా పెరుగుతుంది. మీ అబ్బాయిని ఆ మాట నుంచి కాపాడటానికి లామార్క్ అక్కర్లేదు. కానీ మీరు పట్టుకున్న తాడు ఇంకో కొసన నా లాంటి తల్లుల మెడకే బిగుస్తుంది. గుర్తులు చెరుగుతాయని మీరు సంతోషపడతారు. అవి ఎవరు రాశారని అడిగితే అందరి చూపూ తల్లి వైపే తిరుగుతుంది.

మట్టివేరు:
తండ్రి వైపు నుంచీ చూస్తున్నారండీ. ఎలుకల్లో తండ్రి తిండి ప్రభావం వీర్యకణాల్లోని చిన్న ఆర్‌ఎన్‌ఏల ద్వారా పిల్లల్లో కనిపించింది. అయితే అది కూడా ఒక తరం సంగతే, ఒప్పుకుంటున్నా. మొదటి పోస్టులో తల్లి ఏడుపు గురించి రాసిన వాక్యం తీసేస్తున్నా. దానికి నా దగ్గర ఆధారం లేదు. మిగతాది ఉంచుతా.

లెక్కలమాస్టారు:
వెతికి చూశాను. మొదటి ప్రకటనలో 5 తరాలే. మట్టివేరు గారు చెప్పింది నిజం.

గురివింద:
ఆ వాక్యం తీసేస్తున్నందుకు సంతోషం. నెదర్లాండ్స్ లెక్క మీద మాత్రం నా మాట అదే. మునిమనవల దాకా చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం. మీ అబ్బాయిని ఇంకోసారి ఎవరైనా ఆ మాట అంటే మాత్రం ఊరుకోకండి.