ఊళ్లో ఇంటికి సోలార్ వాటర్ హీటర్ పనికొస్తుందా, కట్టెల పొయ్యే నయమా?

తెల్లారిపొయ్యి: ఇంట్లో ఆరుగురం. రోజూ కట్టెల మీదే నీళ్లు కాస్తాం. ఆ పొగ అమ్మకు పడట్లేదు. సోలార్ పెట్టిద్దామంటే నాన్న "ముసురు పట్టిన రోజు ఏం చేస్తావ్?" అంటున్నారు. పెట్టించమంటారా?

ఎండమనిషి: ఆలోచించకుండా పెట్టించండి. 100 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60కి వేడెక్కాలంటే దాదాపు 4.7 యూనిట్ల కరెంటు కావాలి. మంచి ఎండ కాస్తే 2 చదరపు మీటర్ల కలెక్టర్ (హీటర్‌లో ఎండను పట్టి నీళ్లు కాచే భాగం) అంత వేడిని ఊరికే ఇస్తుంది. మోటారు కూడా అక్కర్లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైనున్న ట్యాంకులోకి వాటంతటవే ఎక్కుతాయి. ముసురు రోజుల్లో పొయ్యి ఎలాగూ ఉంటుంది, దాన్ని పడగొట్టమని ఎవరూ అనలేదుగా!

బోరునీళ్లు: ఎండ లెక్క బాగానే చెప్పారు, నీళ్ల సంగతేంటి? మాది ఫ్లాట్ ప్లేట్ రకం, అంటే అద్దం కింద నల్లటి రేకుకి గొట్టాలు అతికి ఉండేది. మూడేళ్లకే సన్నటి రాగి గొట్టాలు సున్నంతో పూడుకుపోయాయి. ఉప్పు నీళ్లు ఎంత వేడెక్కితే అంత సున్నం కడుతుంది. గాజు ట్యూబుల రకమైతే కడగడం కాస్త తేలికే గానీ, దాని బాధ దానిది. ట్యూబులు ఖాళీగా ఎండలో కాలుతున్నప్పుడు చల్లనీళ్లు వదిలితే ఫట్‌మని పగులుతాయి.

ప్యానెల్‌పక్షం: ఈ గొట్టాల గొడవెందుకు? సోలార్ ప్యానెల్, దానికో హీటర్ రాడ్. ఫ్యానుకీ లైట్లకీ కూడా పనికొస్తుంది.

ఎండమనిషి: ప్యానెల్ ఎండలో ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. కలెక్టర్ సగం పైనే వేడిగా పట్టుకుంటుంది. నీళ్లు కాచడానికే అయితే ప్యానెల్ దండగ.

తెల్లారిపొయ్యి: ఒకటి చెప్పడం మర్చిపోయా. మాకు మిద్దె మీద ట్యాంకు లేదు, చేతిపంపే.

బోరునీళ్లు: అసలు మాట ఇప్పుడా చెప్పేది! చల్లనీళ్ల ట్యాంకు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. పైనుంచి చల్లనీళ్లు తోస్తేనే కుళాయిలో వేడినీళ్లు వస్తాయి.

ఎండమనిషి: ఒప్పుకుంటున్నా, అడగకుండానే పెట్టించమన్నా. మిద్దె మీద ట్యాంకు కట్టించేదాకా ఓ ఇనుప డ్రమ్ముకి నల్లరంగు వేసి, పైన అద్దం ఉన్న పెట్టెలో ఎండకు పెట్టండి. బిందెలతో నింపుకోవచ్చు. సాయంత్రానికి స్నానానికి సరిపోయేంత వెచ్చబడతాయి. తెల్లారేదాకా మాత్రం ఆ వేడి నిలవదు.

తెల్లారిపొయ్యి: అంటే స్నానాలు సాయంత్రానికి మార్చాలి. అమ్మ సరేనంది. నాన్నతో ఇంకా చెప్పలేదు.