ఒక్క గిటార్‌తో ఆల్బమ్ మొత్తం ఎలా నిండింది? టోనీ రైస్ 'చర్చ్ స్ట్రీట్ బ్లూస్' గురించి

కొత్తతీగ:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఉంటాను, గిటార్ పట్టి మూడేళ్లు కావస్తోంది. ఇన్నాళ్లూ సినిమా పాటలకి కార్డ్స్ వాయించుకోవడమే. నాలుగు నెలల కింద ఒక ఫ్రెండ్ అమెరికన్ గిటారిస్ట్, గాయకుడు టోనీ రైస్ 1983లో చేసిన 'చర్చ్ స్ట్రీట్ బ్లూస్' ఆల్బమ్ పంపాడు, అప్పటినుంచి ఇంకోటి వినబుద్ధి కావట్లేదు. ఆయన వాయించే బ్లూగ్రాస్ (అమెరికా పల్లె సంగీతంలో ఒక రకం) అంటే బాంజో, ఫిడిల్, మాండలిన్ అన్నీ కలిసి పరుగులు పెడతాయని అనుకునేవాణ్ణి. ఇందులో అవేవీ లేవు, ఒక గొంతు, ఒక గిటార్, అయినా ఎక్కడా వెలితి తెలియదు. ఎలా సాధ్యమైంది?

ఇంకో సంగతి. మొదటి పాట వేళ్లతో మీటుతున్నారనుకుని నెల రోజులు అలాగే ప్రాక్టీస్ చేశాను. తర్వాత తెలిసింది, అదంతా ఒక్క పిక్‌తోనే (తీగలు మీటే చిన్న బిళ్ల) అని, అలా పిక్‌తో ఒక్కో తీగా మార్చి మీటడాన్ని క్రాస్‌పికింగ్ అంటారని. పిక్‌ని కిందికి కొడితే డౌన్, పైకి కొడితే అప్ కదా, ఒక వీడియోలో డౌన్-డౌన్-అప్ అంటారు, ఇంకో వీడియోలో డౌన్-అప్ మారకూడదంటారు. రెండూ కలిసిపోయి ఇప్పుడు చేయి మధ్యలో ఆగిపోతోంది. అలాగే ఈ పాటలన్నీ పాత జానపదాలేనా? దీని తర్వాత ఏం వినాలో కూడా చెప్పండి.

రాలీవాసి:
ఈ ఆల్బమ్ గురించి తెలుగులో ఎవరైనా అడుగుతారని అనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది. నేను నార్త్ కరోలినాలో పదిహేనేళ్లుగా ఉంటున్నాను. టోనీ రైస్ చివరి రోజులు ఇక్కడే రీడ్స్‌విల్‌లో గడిపారు, 2020 క్రిస్మస్ రోజున పోయారు.

ముందు ఒక చిన్న సవరణ. పూర్తిగా ఒక్క గిటార్ కాదు, కొన్ని ట్రాక్‌లలో తమ్ముడు వయట్ రైస్ రెండో గిటార్ మీద రిథమ్ వాయించారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'జెరూసలెం రిడ్జ్' వినండి, తెలుస్తుంది. పాటల సంగతికొస్తే, 12 ట్రాక్‌లలో నిజంగా ఎవరు కట్టారో తెలియని పాతవి 'కాటిల్ ఇన్ ద కేన్', 'హౌస్ కార్పెంటర్' మాత్రమే. 'హౌస్ కార్పెంటర్' బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చినవాళ్లతో పాటు అప్పలాచియన్ కొండలకి చేరిన కథాగేయం, భర్తనీ పసిబిడ్డనీ వదిలి పాత ప్రియుడితో ఓడెక్కిన మనిషి కథ. 'గోల్డ్ రష్', 'జెరూసలెం రిడ్జ్' బ్లూగ్రాస్‌కి ఆద్యుడైన బిల్ మన్రోవి. టైటిల్ పాట నార్మన్ బ్లేక్ అనే ఇంకో గిటారిస్ట్ రాసింది. చివరి పాటేమో 1975 నవంబర్‌లో సుపీరియర్ సరస్సులో మునిగిన సరుకు ఓడ గురించి, 29 మంది పోయారు, ఆ మరుసటి ఏడాదే గోర్డన్ లైట్‌ఫుట్ దాన్ని పాటగా తెచ్చారు. అంటే వందల ఏళ్ల నాటి ఓడ, ఏడెనిమిదేళ్ల కిందటి ఓడ ఒకే ఆల్బమ్‌లో ఉన్నాయి, వింటే రెంటికీ వయసు తేడా తెలియదు. టోనీ రైస్ గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది.

ఆ గొంతు గురించి కూడా చెప్పాలి. 1994లో గొంతు కండరాల జబ్బుతో ఆయన పాడటం ఆగిపోయింది, మాట కూడా బొంగురుగా మారింది. 2013లో బ్లూగ్రాస్ సంఘం వేడుకలు మొదటిసారి మా రాలీలో జరిగాయి, ఫేయెట్‌విల్ స్ట్రీట్ మూసేసి రోడ్డు మీదే కచేరీలు పెట్టారు, మా పిల్లల్ని తీసుకెళ్లాను. ఆ ఏడాదే ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆ సభలో నేను లేను, తర్వాత వీడియోలో చూశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ కాసేపు తన పాత గొంతుతో మాట్లాడారు. అన్నేళ్ల తర్వాత అది విన్నవాళ్ల మొహాలు చూస్తే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఈ ఆల్బమ్ వింటున్నప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది.

తకధిమి:
కొత్తతీగ గారూ, నేను పదేళ్లు మృదంగం నేర్చుకుని తర్వాత గిటార్‌కి వచ్చాను, మీరు ఆగిపోయిన చోటే నేనూ ఆగిపోయాను. లెక్క అర్థమైతే సగం పని అయిపోతుంది. క్రాస్‌పికింగ్‌లో ఎక్కువగా వినిపించే నడక ఎనిమిది స్వరాలు, 3+3+2. నోటితో చెప్పుకుంటే తకిట తకిట తక, అంతే. మూడు తీగల మీద వరసగా మీటుతారు, కానీ కాలు మాత్రం నాలుగు నాలుగుగా దెబ్బ వేస్తుంది. మూడూ నాలుగూ ఒరుసుకుంటుంటే వచ్చే ఊపే మీకు రెండు గిటార్లు మోగుతున్నట్టు అనిపించేది.

ఇప్పుడు స్ట్రోక్‌లు. డౌన్-అప్ మార్చకుండా వాయిస్తే మొదటి తకిటలో 'త' డౌన్ మీద పడుతుంది, రెండో తకిటలో 'త' అప్ మీద పడుతుంది. చేయి తడబడేది సరిగ్గా అక్కడే, ఎందుకంటే అప్ స్ట్రోక్‌లో బరువు తక్కువ. స్టాన్లీ బ్రదర్స్ అనే పాత బ్లూగ్రాస్ బృందంతో వాయించిన జార్జ్ షఫ్లర్ డౌన్-డౌన్-అప్ పద్ధతి వాడేవారు, అందులో ప్రతి 'త' డౌన్ మీదే పడుతుంది కాబట్టి ఊనిక దానంతట అదే వస్తుంది, కాకపోతే వేగం పెంచడం కష్టం. రెండూ సరైనవే. టోనీ రైస్ చేయి ఏ ఒక్కదానికీ కట్టుబడినట్టు నాకు అనిపించదు. మీరు మాత్రం ఆరు వారాలు ఒక్కటే పట్టుకోండి, నన్నడిగితే డౌన్-డౌన్-అప్. ఎడమ చేత్తో ఊరికే సి కార్డ్ పట్టి, 4, 3, 2 తీగల మీద, మెట్రోనోమ్ 60 దగ్గర. నోటితో తకిట తకిట తక అంటూ వాయించండి, నోరు ఆగితే చేయీ ఆగుతుంది. మనవాళ్లు అందుకే కొన్నకోల్ (జతులు నోటితో చెప్పడం) ముందు నేర్పిస్తారు.

వెలితి ఎందుకు లేదన్న మీ మొదటి ప్రశ్నకి నా జవాబు కూడా లయే. ఆయన స్వరాలు నింపడు, ఖాళీ వదిలినప్పుడు కూడా నడక మన చెవిలో సాగుతూనే ఉంటుంది. బాంజో ఉంటే ఆ పని అది చేసేది.

పాతరికార్డు:
తకధిమి చెప్పింది బాగుంది కానీ ఈ ఆల్బమ్‌తో మొదలుపెట్టి నేర్చుకోవడం మంచిదని నేను అనుకోను. టోనీ రైస్ తొమ్మిదేళ్ల వయసులో లాస్ ఏంజెలెస్‌లో క్లారెన్స్ వైట్ అనే గిటారిస్ట్ వాయిస్తుంటే చూసి ఆ దారి పట్టిన మనిషి, ఆయన వాయించే 1935 నాటి మార్టిన్ డి-28 గిటార్ కూడా ఒకప్పుడు క్లారెన్స్ వైట్‌దే, 1975లో 550 డాలర్లకి కొన్నారు. ఈ రికార్డు నాటికి బాంజో వాద్యకారుడు జె.డి. క్రో బృందంలోనూ మాండలిన్ వాద్యకారుడు డేవిడ్ గ్రిస్‌మన్‌తోనూ ఏళ్ల తరబడి వాయించి చేయి తిరిగిపోయింది. మూలానికి వెళ్లండి. టైటిల్ పాట నార్మన్ బ్లేక్ సొంతంగా పాడింది 1976 నాటి 'విస్కీ బిఫోర్ బ్రేక్‌ఫాస్ట్'లో ఉంది. పక్కన చార్లీ కాలిన్స్ రిథమ్ గిటార్ ఉంటుంది. వేగం లేదు, మెరుపుల్లేవు, ఇంటి అరుగు మీద కూర్చుని వాయించినట్టు ఉంటుంది, నాకైతే ఈ పాట అక్కడే బాగుంటుంది. అసలైన పాత జానపదాలు కూడా అందులోనే ఎక్కువ.

ఇంకా వెనక్కి పోవాలంటే గిటారిస్ట్ డాక్ వాట్సన్ 1964 ఆల్బమ్. ఏడాది నిండకముందే చూపు పోయిన మనిషి. 1950లలో ఆయన వాయించే డాన్స్ బృందంలో ఫిడిల్ లేదు, జనం స్క్వేర్ డాన్స్‌కి ఫిడిల్ ట్యూన్లే అడిగేవారు, దాంతో అవన్నీ ఎలక్ట్రిక్ గిటార్ మీద పలికించడం నేర్చుకున్నారు. అంతకుముందు ఈ సంగీతంలో గిటార్ ఎక్కువగా వెనక కూర్చుని తాళం పట్టేది.

కొత్తతీగ:
అందరికీ చాలా థాంక్స్. రాలీవాసి గారూ, ఆ గొంతు సంగతి నాకు తెలియదు, నిన్న రాత్రి 'హౌస్ కార్పెంటర్' మళ్లీ విన్నాను, మధ్యలో ఆపలేకపోయాను. బ్లేక్ రికార్డు కూడా విన్నాను. పాతరికార్డు గారితో సగం ఒప్పుకుంటాను, గిటార్ వరకు అది హాయిగా ఉంది, పాడటంలో మాత్రం నాకు టోనీ రైసే.

తకిట తకిట తక నోటితో అంటూ వాయిస్తే ఆగకుండా రెండు నిమిషాలు వచ్చింది, నాలుగు నెలల్లో ఇదే మొదటిసారి. కానీ కార్డ్ మార్చేటప్పుడు చివరి 'తక' దగ్గర మళ్లీ పోతోంది.

తకధిమి:
అక్కడ పోవడం మామూలే. ఆ 'తక'ని ఎడమ చేయి ఎత్తేసి ఖాళీ తీగల మీదే మీటండి, వేళ్లు తర్వాతి కార్డ్‌కి వెళ్లేందుకు ఆ రెండు స్వరాల టైమ్ దొరుకుతుంది. సి నుంచి జి, జి నుంచి సి, ముందు ఈ రెండే. 60 దాటకండి.