వంటనూనె ధర పెరిగిన రోజుల్లో వేయించిన నూనెను మళ్లీ వాడటం పొదుపేనా?

ప్రశ్న – విజయనగరం గృహిణి
ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై ప్రాథమిక దిగుమతి సుంకాన్ని 2024 సెప్టెంబరులో 20 శాతం చేశారు, 2025 మే నెలాఖరున 10 శాతానికి తగ్గించారు. అయినా మా వీధి కొట్టులో ధర పాత స్థాయికి దిగలేదు. నలుగురున్న మా ఇంట్లో నెలకు ఐదు లీటర్లు ఖర్చవుతోంది. గారెలు వేయించగా మిగిలిన నూనెను పారబోయడానికి మనసొప్పక, వడగట్టి మళ్లీ మూకుట్లో పోస్తున్నాను. ఇది సరైన పద్ధతేనా? గానుగ నూనెకు మారితే తక్కువతో సరిపోతుందన్న మాట నిజమేనా?

సమాధానం – ఆహార రసాయన శాస్త్ర విద్యార్థి
వడగడితే మడ్డి పోతుంది గాని, వేడికి నూనెలో పుట్టిన ధ్రువ సమ్మేళనాలు (నూనె చెడేకొద్దీ పెరిగే పదార్థాలు) పోవు. అవి 25 శాతం దాటిన నూనెను వాడరాదని దేశంలో ఆహార భద్రతను చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కాబట్టి రంగు ముదిరినా, జిగురుగా చిక్కబడినా, కొద్దిపాటి వేడికే పొగ వచ్చినా ఆ నూనెను వదిలేయడమే మేలు. ఒకసారి వేయించిన నూనెను ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు, కూరలకు వాడేయండి. దానితో మళ్లీ పిండివంటలు చేయవద్దు, కొత్త నూనెలో కలపవద్దు. అసలు చిన్న మూకుడులో కొద్దికొద్దిగా వేయిస్తే మిగిలేదే తక్కువ. పాడైన నూనెను మాత్రం సింకులో పోయకండి, గొట్టాలు పూడుకుపోతాయి.

సమాధానం – తెనాలి పాఠకుడు
గానుగ నూనె మీద నాకు ఇష్టమే గాని, పొదుపు పేరుతో దాన్ని కొనమని చెప్పలేను, ఎందుకంటే ధర చాలా ఎక్కువ, ఏ నూనెకైనా గ్రాముకు తొమ్మిది కేలరీలే. వాసన తెలిసే పచ్చళ్లకు, పొడుల్లోకి కొద్దిగా ఉంచుకుంటే చాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల ఆహారానికి రోజుకు 27 గ్రాముల నూనె, కొవ్వులు సూచించింది; ఆ లెక్కన నలుగురికి నెలకు దాదాపు మూడున్నర లీటర్లు, అందులో నెయ్యి కూడా కలిసే ఉంటుంది. మీ పొదుపు ఆ తేడాలోనే ఉంది. సీసా నుంచి నేరుగా వంపకుండా చెంచాతో కొలిచి వేయండి.

సమాధానం – లెక్కల మాస్టారు
ప్యాకెట్ మీది బరువును కూడా చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది; చూడటానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉండి, అంతకన్నా తక్కువ బరువున్నవి కూడా అమ్ముతున్నారు. అందుకే ప్యాకెట్ ధరను కాక, దాని మీద ముద్రించిన గ్రాము లేదా కిలో ధరను పోల్చుకోవాలి. ప్లాస్టిక్ తగ్గుతుందని పెద్ద డబ్బా కొనాలనుకుంటే బంధువులతోనో ఇరుగుపొరుగుతోనో పంచుకోండి, ఎందుకంటే మూత తీసిన నూనె నెలల తరబడి ఉంటే ముక్కిన వాసన వస్తుంది.