రేవు కూలెనా, రేవు కూలియా?

పెదవాల్తేరు: అమ్మమ్మ బియ్యం చెరుగుతూ పాడే పాటలో నాకు మిగిలింది ఒక్క పాదం: "రేవు కూలె మామ ఇల్లు చేరడాయె". 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు హార్బరు పనికి వెళ్లి చనిపోయిన ఆవిడ మామగారి మీద పాట అది. చిన్నమ్మ మాత్రం "కూలె" కాదు, "కూలి" అంటుంది. ఏది సరి?

ఛందోభిమాని: మాత్రలతో తేలదు. లె, లి రెండూ లఘువులే. అయినా రేవు కూలలేదు కదా! కాబట్టి "కూలి", అంటే రేవు పనివాడు.

టెక్కలి: పాటలో కూలడానికి ఇంజినీరు సర్టిఫికెట్ కావాలా? ఊరు ఖాళీ చేసి పల్లెలకు పరుగెత్తిన జనానికి రేవు కూలినట్టే. పైగా "కూలి" అన్నా క్త్వార్థకమే ("చేసి", "చూసి" లాంటి అసమాపక క్రియ), అంటే "కూలిపోయి" అనే.

ఛందోభిమాని: క్త్వార్థకానికి కర్త ఒకడే ఉండాలి. కూలింది రేవు, చేరనిది మామ.

టెక్కలి: "వానలు కురిసి పంటలు పండాయి" అనరా మీ ఊళ్లో?

నిఘంటుప్రియ: అసలు "కూలి" అంటే వేతనం, బ్రౌణ్యం (బ్రౌన్ నిఘంటువు) చూడండి. మనిషైతే కూలివాడు. శ్రీశ్రీ కూడా రాళ్లెత్తిన వాళ్లను దీర్ఘంతో "కూలీ"లనే అన్నాడు.

రేవుగట్టు: శ్రీశ్రీ విశాఖలోనే పుట్టాడు కాబట్టి ఆ మాట రేవులోనే విని ఉంటాడని నా అనుమానం. ఆ కవిత బాంబులకు ముందుది. మా ఇంట్లో అయితే కూలీలు అనరు, కలాసీలనే అనేవారు.

టెక్కలి: ఇంకో ఊహ. అది "రంగం కూలె" అయితే? రంగం అంటే రంగూన్. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడేనాటికి అక్కడి రేవులో బరువులు మోసేది ఎక్కువగా మనవాళ్లే. కాలినడకన తిరిగి వచ్చినవాళ్లతో పాటా వచ్చి ఉంటుంది.

ఛందోభిమాని: ఒక మాత్ర పెరుగుతుంది.

టెక్కలి: చేట చప్పుడుకు పాడే పాటండీ, అవధానం కాదు.

పెదవాల్తేరు: చిన్నమ్మకు ఫోను చేశాను. "మామ" కూడా కాదట, "మావ" అట.

రేవుగట్టు: మా వైపు ఆడవాళ్లు భర్తను "మావ" అంటారు. అలాగైతే ఆ పాట కట్టింది మీ అమ్మమ్మ కాదు, ఆవిడ అత్తగారు.

నిఘంటుప్రియ: మామగారినీ "మావ" అనేవారు లెండి. "కూలి" సంగతి ముందు తేల్చండి.